కాలు తీసినా వణుకు

జూలై పదిహేడు. ఉదయం ఆరు గంటలు.

చర్చి తలుపు తీసిన ఓఫిర్ పెద్దావిడ గుండెలు బాదుకుంది. ఆ కేక బస్టాండు దాకా వినిపించింది.

కార్మెల్ మాత విగ్రహం తల బోసిగా ఉంది. కిరీటం లేదు.

మా కొండ ఊరు ఎల్ దెస్కాన్సోలో సగం మంది డ్రైవర్లు. మిగతా సగం డ్రైవర్ల పెళ్లాలు, పిల్లలు, వితంతువులు. అందరికీ ఆ తల్లే దిక్కు. ఆ కిరీటం ఎక్కడో కొనుక్కొచ్చింది కాదు. కొండదారిలో చనిపోయిన ప్రతి డ్రైవరు పెళ్లి ఉంగరాన్నీ ఇంటివాళ్లు ఏడుస్తూ తెచ్చి ఇచ్చారు. వాటిని కరిగించకుండా, ఒకదాని పక్కన ఒకటి అతికించి చేయించారు. ఏడాదికి ఒక్కసారి, జూలై పదహారున, పండుగనాడు మాత్రమే అది మాత తలకెక్కుతుంది. ఆ రాత్రి ఒక డ్రైవరు చర్చిలో కాపలా ఉంటాడు. తెల్లారాక కిరీటం మళ్లీ ఇనప్పెట్టెలోకి పోతుంది.

ఈసారి పోలేదు.

కాపలా ఉన్నవాడు ఆర్బే లొందోన్యో. ముప్ఫై నాలుగేళ్లవాడు. కొండ కింద మైదానంలో ఉన్న తులువా పట్నానికి షేర్ టాక్సీ నడుపుతాడు. జనం వచ్చేసరికి చర్చి బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నలుగురు పట్టి కుదిపితే గాని లేవలేదు.

ఎనిమిదింటికి జిల్లా కేంద్రం నుంచి ఇన్స్పెక్టర్ మార్లెని ఓస్పినా జీపు దిగింది. ఈ ఊరి పిల్లే. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. ఆయన ఉంగరం కూడా ఆ కిరీటంలోనే ఉండేది, మాత కుడి చెవికి పైన.

ఆమె మొదట ఆ బోసి తలను చూసింది. తర్వాత ఆర్బేని చూసింది.

"రాత్రంతా మెలకువగా ఉన్నావా?"

"లేదక్కా. నిద్రపోయాను."

"ఎప్పుడు?"

"రెండు దాటాక. మొద్దునిద్ర. స్టీరింగ్ ముందు ఏనాడూ కునుకు తియ్యలేదు నేను. తల్లి ముందు పడుకున్నాను, దరిద్రుణ్ణి."

"ఏం తిన్నావు?"

"ఒక అరేపా రొట్టె. ఫ్లాస్కులో కాఫీ. అంతే."

"చర్చి తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి?"

"ఫాదర్ దగ్గర ఒకటి. ఓఫిర్ పెద్దమ్మ దగ్గర ఒకటి. డ్రైవర్ల సంఘం ప్రెసిడెంటు కదా, మా కొంపాద్రె దగ్గర ఒకటి."

ఆ కొంపాద్రె పేరు లిబార్దో ఎనావో. ఆర్బే కూతురు సలోమేకి జ్ఞానస్నానం చేయించిన రోజు చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. బిడ్డ తండ్రీ, జ్ఞానతండ్రీ ఒకరికొకరు కొంపాద్రెలు. మా వైపు ఆ బంధం ముందు తోడబుట్టినవాళ్లు కూడా తర్వాతే. ఆయనకు అరవై దాటాయి. నలభై ఏళ్లు కొండ మీద లారీ తోలాడు. మార్లెని తండ్రి శవపేటికకు ముందు భుజం పట్టింది ఆయనే. ఆమెకు ఆయన లిబార్దో బాబాయ్.

పోలీసులు నాలుగు చోట్లా వెతికారు. ఫాదర్ అంతోలినెజ్ గదిలో చిరిగిన మేజోళ్లు దొరికాయి. ఓఫిర్ ఇంట్లో పిల్లి గీరింది. లిబార్దో గ్యారేజీలో పాత చక్రాలు, జాకీలు తప్ప ఏమీ లేవు. ఆర్బే కారుని మాత్రం గుల్ల చేశారు. సీట్లు పీకారు. డోర్ల లోపలి అట్టలు విప్పారు. పెట్రోలు ట్యాంకులో కడ్డీ పెట్టి కలిపారు.

ఏమీ దొరకలేదు. సాయంత్రానికి కారు తిరిగి ఇచ్చేశారు.

దొరక్కపోతే మాత్రం ఊరు ఊరుకుంటుందా? మర్నాటికల్లా ఆర్బే దొంగ అయిపోయాడు. బస్టాండులో అతని కారు ఎక్కడానికి ఒక్కడూ రాలేదు. ఒక విధవరాలు ఎదురొచ్చి, "నా మొగుడి ఉంగరం అమ్ముకుని ఏం తిన్నావురా?" అని మొహం మీదే అడిగింది. అతను తల దించుకుని నిలబడ్డాడు. బడిలో ఎవరో ఏదో అన్నారని సలోమే ఇంటికి ఏడుస్తూ వచ్చింది.

ఆ రాత్రి సంఘం మీటింగులో లిబార్దో బల్ల గుద్దాడు.

"వాడు దొంగయితే నేనూ దొంగనే! వాడికి నాది పూచీ. ఇంకొక్క మాట అన్నారంటే నా శవం మీదుగా అనండి!"

ఆర్బే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరంతా ఆయన పెద్ద మనసును మెచ్చుకుంది.

జూలై పంతొమ్మిది. మధ్యాహ్నం.

మార్లెనికి పైఅధికారి ఫోన్ చేశాడు. రేపు సాయంత్రం లోపు కిరీటం దొరక్కపోతే ఆర్బే మీద కేసు రాసి లోపలెయ్యమన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, స్టేషన్ వరండాలో నల్ల కాఫీ తాగుతూ కూర్చుంది. అప్పుడే లిబార్దో, ఆర్బే మెట్లెక్కారు.

"పిల్లా," అన్నాడు లిబార్దో. "రేపు సెలవు. తులువాకి పోవాల్సిన మా చుట్టాలు నలుగురున్నారు. వీణ్ణి ఒక్క ట్రిప్పు పోనియ్. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. సాయంత్రానికి నేనే చెయ్యి పట్టి తెచ్చి నీకు అప్పజెప్తా."

"వెళ్లొచ్చు గానీ కొంపాద్రె," ఆర్బే నసిగాడు. "బండి మరీ వణుకుతోంది. ముందు తోబోన్ షాపులో చూపించుకుంటా."

"తోబోన్‌గాడికి ఏం తెలుసురా! టైర్లకి గాలి కొట్టుకునేవాడు. నీ బ్రేకు డిస్కులు వంగాయి. పండగనాడు మీరు చేసిన నిర్వాకం అది."

నిర్వాకమే మరి. పైనుంచి కొండ దిగి ఊరికి వచ్చేసరికి బ్రేకులు నిప్పుల్లా ఉంటాయి. దారి పొడుగునా ఊటనీళ్ల గొట్టాలు పెట్టుకుని బళ్లు కడిగేవాళ్లు పిలుస్తుంటారు. చల్లారేదాకా ఆగమంటే వింటారా మావాళ్లు! ఊరేగింపుకి వేళవుతోంది, తల్లి ముందుకి బురద చక్రాలతో పోతామా అంటారు. కాలే డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకర తిరుగుతుంది. ఏటా పండుగ తర్వాత సగం బళ్లు బ్రేకు తొక్కితే వణుకుతాయి. ఏటా తిట్టుకుంటారు. మళ్లీ కడుగుతారు.

"తులువాలో నా స్నేహితుడి షాపుంది," లిబార్దో చెప్పుకుపోతున్నాడు. "రేపు నేరుగా అక్కడికి పో. వాడికి ఫోన్ చేసి చెప్పాను. ఇక్కడ ఎవణ్ణీ చక్రాల మీద చెయ్యి వెయ్యనివ్వకు. ఇంకా పాడు చేస్తారు."

"వణుకు ఎప్పుడొస్తోంది ఆర్బే?" మార్లెని మామూలుగా అడిగింది.

"బ్రేకు తొక్కితే వస్తుందక్కా. తొక్కకపోయినా, స్పీడు తొంభై దాటితే వస్తోంది."

"తొక్కకపోయినానా?"

"డిస్కు వంగాక తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే పిల్లా," అన్నాడు లిబార్దో. "నలభై ఏళ్లు తోలాను. నాకు తెలీదూ?"

కాఫీ కప్పు ఆమె పెదాల దగ్గర ఆగింది.

"నిజమే బాబాయ్," అంది. కాఫీ తాగేసింది.

లిబార్దో వెళ్లాక ఆమె లేచింది.

"బండి తియ్యి ఆర్బే."

"ఎక్కడికక్కా?"

"కింద మైదానంలో తిన్నటి రోడ్డుంది కదా. అక్కడికి."

మూడున్నరకి చెరుకు తోటల మధ్య తిన్నటి హైవే మీద ఉన్నారు. ముందూ వెనకా బళ్లు లేవు. ఆమె అతని పక్క సీట్లో కూర్చుని ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఆనించింది.

"అరవై."

వణుకు లేదు.

"ఎనభై."

లేదు.

"తొంభై అయిదు. కాలు బ్రేకు మీద పెట్టకు."

స్టీరింగ్ వణకడం మొదలుపెట్టింది. గడగడా కాదు. సన్నగా, ఆపకుండా. అద్దం కింద కట్టిన మాత పతకం టకటకా కొట్టుకుంది.

"ఇప్పుడు బ్రేకు."

ఇది వేరే వణుకు. పెడల్ కాలిని ఎగదన్నింది. స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకుంది. అరవైకి తగ్గాక, కాలు తియ్యమంది ఆమె. తీశాడు. వణుకు ఠక్కున ఆగింది.

"రెండు రోగాలున్నాయి నీ బండికి," అంది. "రెంటినీ కలిపి ఒక్కటే అంటున్నారు. బ్రేకు వణుకు ఎప్పటి నుంచి?"

"పండగ రోజు నుంచి. కడిగించానుగా."

"రెండోది?"

ఆర్బే ఆలోచించాడు.

"పద్దెనిమిది పొద్దున తెలిసింది. కింద మైదానంలో ఊరికి మందులు తేవడానికి వెళ్లాను, అప్పుడు."

"పదిహేడు సాయంత్రం మేము కారు తిరిగి ఇచ్చాం. పద్దెనిమిది పొద్దునకి వణుకు వచ్చింది. ఆ మధ్యలో బండికి ఏం చేయించావు?"

"ఏం చేయించలేదు."

"బాగా ఆలోచించు."

"ఏం లేదక్కా! ఆ రాత్రి మా కొంపాద్రె వచ్చి ఒక చక్రం బిగించాడు. అంతే. కుడి పక్క ముందుది. నీ టైరు గుండైపోయింది, సలోమే ఎక్కే బండి ఇది, అంటూ తనే జాకీ పెట్టి తనే బిగించాడు. నన్ను నట్టు కూడా ముట్టుకోనివ్వలేదు."

మార్లెని కళ్లు మూసుకుంది. ఒక్క క్షణం అంతే.

"పక్కకి ఆపు. ఆ చక్రం విప్పి వెనక్కి వెయ్యి. వెనకది ముందుకి."

"ఎందుకు?"

"వణుకు చక్రంలో ఉంటే చక్రంతోపాటే పోతుంది. ముందు చక్రం వణికితే చేతికి తెలుస్తుంది. వెనక చక్రం వణికితే సీటుకి తెలుస్తుంది. బిగించు."

అతను చెమటలు కక్కుతూ మార్చాడు. మళ్లీ రోడ్డెక్కారు. తొంభై. తొంభై అయిదు. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. సీటు కింద నుంచి సన్నటి వణుకు నడుముకి ఎక్కింది.

ఆర్బే ముఖం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది.

"పాత చక్రం కదా. బ్యాలెన్సు తప్పుంటుంది," అన్నాడు గబగబా. "దాంట్లో ఏముంది? నువ్వు ఏం అనుకుంటున్నావో నాకు తెలుస్తోందక్కా. అనకు. నా బిడ్డని ఎత్తుకున్న మనిషి ఆయన. ఊరంతా ఉమ్మేస్తే ఆయనొక్కడు నా పక్కన నిలబడ్డాడు. ఆయన్ని అనేకంటే నన్నే లోపలెయ్యి!"

"నేనూ అనకూడదనే కోరుకుంటున్నాను," అంది మార్లెని. "మా నాన్న పోయాక మూడు నెలలు మా ఇంటికి బియ్యం, బీన్సు మోసిన మనిషి. పద, వెనక్కి తిప్పు. నేరుగా తోబోన్ షాపుకి."

సాయంత్రం ఆరు. చర్చి పక్కనే తోబోన్ టైర్ల షాపు. మార్లెని కబురు పెడితే ఫాదర్ అంతోలినెజ్ వచ్చాడు. ఓఫిర్ జపమాల తిప్పుకుంటూ వచ్చింది. చివరికి లిబార్దో వచ్చాడు. టోపీ తీసి అందరికీ గుడ్ ఈవెనింగ్ చెప్పాడు. అప్పుడు బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఉన్న చక్రం చూశాడు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"తాళంచెవులున్న ముగ్గురూ ఇక్కడే ఉన్నారు," అంది మార్లెని. "కాపలా ఉన్నవాడూ ఉన్నాడు. తోబోన్, తిప్పు."

చక్రం తిరిగింది. ఆగింది. తోబోన్ మీటరు చూసి తల గోక్కున్నాడు.

"ఇదేం లెక్కమ్మా! ఒక పక్క ఇంత బరువేంటి? నా షాపులో ఉన్న సీసం ముక్కలన్నీ అతికించినా సమం కాదు."

"ఎందుకొచ్చిన గొడవ!" లిబార్దో విసుక్కున్నాడు. "వాడి బండికి పోయింది డిస్కులు. చక్రం మీద పడతారేం?"

"బాబాయ్, నీ దగ్గరే నేర్చుకున్నాను ఇది," అంది మార్లెని. "నాకు తొమ్మిదేళ్లు. నాన్న లారీలో మీ ఇద్దరి మధ్య కూర్చున్నాను. లారీ వణికితే భయపడి ఏడ్చాను. అప్పుడు నువ్వేం చెప్పావు?"

లిబార్దో చక్రం మీంచి చూపు తిప్పుకున్నాడు.

"నేను చెప్తాను. 'కాలు పెడితే వణికిందా, బ్రేకుది. కాలు తీసినా వణికిందా, చక్రానిది. భయపడకు పిల్లా, వణుకు అబద్ధం చెప్పదు' అన్నావు. నేను మర్చిపోలేదు. నువ్వెలా మర్చిపోతావు? ఊళ్లో ఇంకెవరన్నా డిస్కు అని ఉంటే తెలియక అన్నారనుకునేదాన్ని. నువ్వు తెలియక అనవు. చక్రం ఎవరూ ముట్టుకోకూడదు గనకే అన్నావు. పండగ కడుగుడు నీకు మంచి సాకు దొరికింది. నిజం వణుకు పక్కన దొంగ వణుకు కలిసిపోతుందనుకున్నావు."

"నీకు మతిపోయింది పిల్లా."

"నీ గ్యారేజీ వెతికినప్పుడు పాత చక్రాల గుట్ట చూసి వదిలేశాం. ఆ తప్పు నాది. ఆర్బే కారు వెతికి శుభ్రమని తిరిగిచ్చాం. వెతికేసిన కారుని మళ్లీ ఎవరూ వెతకరు. ఆ రాత్రే చక్రం బిగించావు. వాడికి పూచీ పడ్డావు. ఎందుకు? వాడు లోపలుంటే కారు తులువాలో నీ స్నేహితుడి షాపుకి పోదు గనక. ఆర్బే, ఆ రాత్రి నిన్ను మొద్దునిద్ర పుచ్చిన కాఫీ, ఆ ఫ్లాస్కు ఎవరిది?"

ఆర్బే కళ్లు లిబార్దో మీదే ఉన్నాయి.

"విప్పు తోబోన్," అంది ఆమె.

గాలి బుస్సున పోయింది. తోబోన్ ఇనప కడ్డీ దూర్చి టైరు అంచు రిమ్ము మీద నుంచి తప్పించాడు. లోపల రిమ్ముకి అంటించిన నల్లటి రబ్బరు మూట ఉంది. పాత ట్యూబు కోసి చుట్టిన మూట. కత్తితో చీల్చాడు.

ఉంగరాలు సిమెంటు నేల మీద గలగలా పడ్డాయి. రెండు రెండు, మూడు మూడు ముక్కలుగా కోసిన కిరీటం. కొన్ని పట్టకారుతో నొక్కి చదును చేసి ఉన్నాయి.

ఓఫిర్ నేల మీద కూలబడింది. ఆమె మొగుడి ఉంగరం కూడా అందులోదే. "ఓరి పాపిష్ఠోడా," అంది. "శవాలు మోసిన చేతులతోనే కోశావురా!"

ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నాడు.

లిబార్దో నేలకేసి చూశాడు. తర్వాత భుజాలు ఎగరేశాడు. ఆ ఎగరేయడం తలుచుకుంటే నాకైతే ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

"ఏమయిందిప్పుడు?" అన్నాడు. "చచ్చినవాళ్లు వచ్చి అడుగుతారా? బొమ్మకి చలేస్తుందా? నలభై ఏళ్లు తోలి నేను మిగుల్చుకున్నది నడుంనొప్పి ఒకటే. ఏడాదికి ఒక్క రోజు తప్ప ఇనప్పెట్టెలో ఊరికే పడుంది ఆ బంగారం."

ఆర్బే అప్పుడు కదిలాడు. కొడతాడని అందరూ అనుకున్నారు. మార్లెని అడ్డం రాబోయింది. అతను కొట్టలేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"నా బండే ఎందుకు కొంపాద్రె?"

ఇంకా కొంపాద్రె అనే అన్నాడు. అలవాటు.

"దారిలో చెక్‌పోస్టులో పట్టుకుంటే నేను జైలుకి పోయేవాణ్ణి. సలోమే ఏమయ్యేది? ఊళ్లో ఇన్ని బళ్లున్నాయి. నా బండే ఎందుకు?"

లిబార్దో మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"నేనిచ్చింది ఏదీ నువ్వు విప్పి చూడవు కదరా," అన్నాడు. "ఇంకెవడైనా చూసేవాడు."

మార్లెని వంగి ఒక్కో ఉంగరాన్నీ ఏరి ఓఫిర్ ఒళ్లో వేసింది. ఒకటి వెయ్యలేదు. చదునైపోయిన ఉంగరం. లోపల ఓస్పినా అన్న అక్షరాల్లో సగం మాత్రం మిగిలాయి. దాన్ని బొటనవేలితో రుద్ది చూసింది. అది కూడా ఒళ్లో వేసి, సంకెళ్లు తీసింది.

"చేతులు ముందుకి పెట్టు," అంది. బాబాయ్ అనలేదు.

రాత్రికి లిబార్దోని పోలీసు జీపులో జిల్లా కేంద్రానికి పంపేశారు. మర్నాడు పొద్దున, సెలవు రోజు, మార్లెని వెళ్లడానికి బండి కావాల్సి వచ్చింది. బస్టాండులో ఆర్బే కారు చుట్టూ జనం మూగారు. నిన్నటిదాకా ఉమ్మినవాళ్లే భుజం తట్టారు. ఆ విధవరాలు పొట్లం కట్టి అరేపాలు తెచ్చిచ్చింది. అతను తీసుకున్నాడు. నవ్వలేదు.

కారుకి తన పాత గుండు టైరునే మళ్లీ బిగించుకున్నాడు.

మార్లెనిని పక్కన ఎక్కించుకుని, మైదానంలోకి దిగాక స్పీడు పెంచాడు. ఎనభై. తొంభై. తొంభై అయిదు. అతని చేతులు స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నాయి. వణుకు లేదు. నూరు దాటాడు. లేదు. అద్దం కింద మాత పతకం కదలకుండా వేలాడింది.

"పొద్దున సలోమే అడిగింది," అన్నాడు. "ఆదివారం జ్ఞానతండ్రి ఐస్‌క్రీమ్ తీసుకురాడా అని. ఏం చెప్పాలో తెలియలేదు. బండి కడగాలని బయటికి వచ్చేశాను."

ముందు టోల్‌గేటు కనిపించింది. అతను బ్రేకు తొక్కాడు. పెడల్ ఎగదన్నింది. స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంది.

"ఇది డిస్కులదే," అన్నాడు ఆర్బే. "ఇది నా తప్పే. కొత్తవి వేయిస్తా."

కారు ఆగింది. అతను చేతులు స్టీరింగ్ మీదే ఉంచి ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి.

"రెండోది కూడా డిస్కులదే అయ్యుంటే ఎంత బాగుండేది అక్కా," అన్నాడు.